మా ఇంటి కాగితాలు మా ఇంట్లో లేవు

ఏడాది పాటు కుటుంబ చరిత్ర వెతికితే చివరికి ఏం చేతికొస్తుంది, జమీందార్లూ పండితులూ కాని మామూలు రైతు కుటుంబాలకి అసలు కాగితాలంటూ ఉంటాయా అని ఒకరు అడిగారు. ఉంటాయండి. కాకపోతే మన ఇంట్లో ఉండవు, మన పొలం కొన్నవాళ్ళ ఇంట్లో ఉంటాయి. ఈ ఏడాదిలో నాకు తెలిసొచ్చిన అసలు సంగతి ఇదే.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లాలోకి వచ్చింది, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం మారుతూ పోయింది. మీ ఊరిదీ ఇలాంటి కథ ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే, పాత రికార్డు ఇప్పటి జిల్లా పేరు కింద దొరకదు.

పెద్దవాళ్ళని అడగాలన్నది అందరూ చెప్పే మాటే కాబట్టి దాన్ని పొడిగించను. ఒకటి మాత్రం చెబుతాను. "ఏ సంవత్సరంలో" అని అడిగితే జవాబు రాదు. మా వైపైతే "ఉప్పెనప్పటికి మీ పెద్దాడు ఏ తరగతి?" అని అడగాలి. 1977 నవంబరు 19 ఎవరూ మర్చిపోలేదు, దాన్నిబట్టి ముందుకీ వెనక్కీ లెక్క కట్టుకోవచ్చు. అంతకన్నా పాతవి "ధాతలో పుట్టాడు", "నందనలో పోయింది" అని చెబుతారు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి గనక ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. కొడుకు వయసు పక్కన పెట్టి చూస్తే ఏదో ఒకటే కుదురుతుంది. బడి రికార్డులో పుట్టినతేదీ జూన్ ఒకటో, జులై ఒకటో ఉంటే అది పంతులుగారు ఇచ్చిన పుట్టినరోజే.

ఇక కాగితాల సంగతి. మా ముత్తాత కాలవకింద పొలం పేకాటలో పోగొట్టాడని మా ఇంట్లో ఒక కథ ఉంది. మా నాన్న, బాబాయిలు అది వింటూనే పెరిగారు. ఆ పొలం తర్వాత చేతులు మారుతూ వచ్చి ఇప్పుడు పక్క ఊరి ఆసామి దగ్గరుంది. పొలం అమ్మినవాడు పాత దస్తావేజులన్నీ కొన్నవాడికి అప్పగిస్తాడు కదా, ఆ కట్ట అలాగే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తుంది. మా ఇంట్లో చీటీ ముక్క లేదు. ఆయన ట్రంకు పెట్టెలో 1927 నాటి క్రయ దస్తావేజు ఉంది.

అమ్మింది ముత్తాత కాదు, తాతమ్మ. ఆయన అప్పటికే పోయాడు. మైనరు కొడుకుల తరఫున తల్లి, గార్డియన్ హోదాలో వేలిముద్ర వేసింది. ఎందుకు అమ్మాల్సి వచ్చిందో సగం పేజీ ఉంది: భర్త వైద్యానికి చేసిన అప్పు, ఒక ప్రోనోటు బాకీ వడ్డీతో సహా, పెద్ద కూతురి పెళ్ళి ఖర్చు, కట్టాల్సిన సిస్తు. పేకాట ఊసు లేదు. ఆ ప్రోనోటు పేకాటదే కాదని నేను ఒట్టు పెట్టను, దస్తావేజులో అలా ఎవరూ రాయించరు. మా బాబాయి మాత్రం ఇప్పటికీ పేకాట పక్షమే.

ఇన్ని కారణాలు ఎందుకు రాశారంటే, పిల్లలు మేజర్లయ్యాక "మా అమ్మకి అమ్మే హక్కు లేదు" అని దావా వేయొచ్చు. అందుకే కొనేవాడు అవసరాన్ని ఒక్కొక్కటిగా రాయించుకునేవాడు. కొడుకుల్లేని వితంతువు అమ్మినా ఇదే తంతు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా భర్త ఆస్తి మీద ఆమెకి పరిమిత హక్కే, సరైన అవసరం చూపకుండా అమ్మితే ఆమె తర్వాత వారసులు ఆ అమ్మకాన్ని సవాలు చేయొచ్చు. అందువల్ల మగవాళ్ళు అమ్మిన దస్తావేజు పొడిపొడిగా ఉంటుంది, ఆడవాళ్ళు అమ్మినదాంట్లో ఇంటి సంగతులన్నీ ఉంటాయి. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చిన దఖలు దస్తావేజులూ, మనోవర్తి (భరణం) కోసం వేసిన దావాలూ కూడా ఇలాంటివే. వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పేర్లు ఉండవని బాధపడుతుంటాం గానీ ఈ కాగితాల్లో చక్కగా ఉంటాయి, తండ్రి పేరు, పుట్టింటి ఊరితో సహా. సఖ్యంగా బతికిన కుటుంబం కంటే కోర్టుకెక్కిన కుటుంబం గురించే ఎక్కువ తెలుస్తుంది. వారసత్వ దావాల్లో వంశవృక్షాన్ని కోర్టుకే దాఖలు చేసేవాళ్ళు. ఎదుటి పక్షం ఒప్పుకోకపోతే దాని మీద సాక్ష్యాలు కూడా నడిచేవి.

ఆ దస్తావేజులో మైనర్లు ముగ్గురు. మాకు తెలిసింది మా తాత, ఆయన అన్న, ఇద్దరే. ఆరేళ్ళ మూడోవాడు ఎవరో, ఏమయ్యాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడే పోయి ఉంటాడు అన్నారు.

దొరికింది చదివింపుల పుస్తకంలో. మా తాత పెళ్ళిలో ఎవరెంత చదివించారో రాసిన చిన్న చిత్తుపుస్తకం మా మేనత్త బీరువాలో, శుభలేఖల మధ్య ఉంది. ఊరు, ఇంటిపేరు, పేరు, మొత్తం, వరసగా ఉన్నాయి. మొదటి పేజీలోనే, మేనమామల తర్వాత, మాది కాని ఇంటిపేరుతో ఆ పిల్లాడి పేరు, నూట పదహార్లు. ఆ రోజుల్లో దూరపు చుట్టం చదివించే మొత్తం కాదది. ఆ ఊరు వెళ్ళి అడిగితే, పిల్లల్లేని పినతల్లి దత్తత తీసుకుందని ఆ ఇంటి పెద్దాయన చెప్పారు. వాళ్ళకి మేం తెలుసు. మేమే మర్చిపోయాం. ఆ దత్తత వెళ్ళినాయన కొడుకు వయసులో నాకన్నా చిన్నవాడు, వరసకి బాబాయి. మా నాన్నతో ఇప్పుడు వారానికోసారి ఫోన్లో మాట్లాడతాడు, ఎక్కువగా రొయ్యల రేట్లే.

అందుకని కుటుంబ చరిత్ర వెతికేవాళ్ళు చదివింపుల పుస్తకాన్ని వదలొద్దని నా సలహా. ఎవరూ విలువ ఇవ్వరు, ఇల్లు సున్నం వేసేటప్పుడు మొదట బయటపడేసేది అదే. చుట్టాలందరి పేర్లూ ఊళ్ళతో సహా ఒక్కచోట ఉండేది మాత్రం అందులోనే. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళల్లో తరం విడిచి తరం అదే పేరు వస్తుంటుంది కాబట్టి, ఊరు పేరు లేకపోతే ఏ సుబ్బయ్య ఏ సుబ్బయ్యో తేలదు.

ఇందులో ఇబ్బందేమిటంటే, "మీ పాత దస్తావేజు ఒకసారి చూడొచ్చా" అనగానే ఎదుటివాళ్ళ మొహం మారిపోతుంది. దావా వేయడానికి వచ్చాడనుకుంటారు. తప్పు పట్టలేం, అలా వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని వెంటపెట్టుకుని వెళ్ళాను. జిరాక్సు అడగలేదు. కాగితం ఆయన చేతిలోనే ఉంచి చదివించుకుని పేర్లు రాసుకున్నాను. టీ తాగాక ఆయనే "ఫొటో తీసుకోవయ్యా" అన్నాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళేటట్టయితే, ఆన్‌లైన్లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక) 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి పాత వాల్యూముల్లో వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులు ఉండే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. మూడో పుస్తకంలో వీలునామాలుంటాయి, రాసినవాళ్ళు పోయాక నకలు ఎవరడిగినా ఇస్తారు. సర్వే నంబరూ, సుమారు సంవత్సరమూ లేకుండా వెళ్తే పని జరగదు. అక్షరాలు కలిపి రాసే పాత గొలుసుకట్టు రాత చదవడానికి పాతకాలం డాక్యుమెంటు రైటర్ ఒకాయన్ని పట్టుకున్నాను. నాకు గీతల్లా కనిపించినవి ఆయన కళ్ళజోడు సవరించుకుని గడగడా చదివేశాడు.

భూమి లేనివాళ్ళ సంగతేమిటని ఇంకొకరు అడిగారు. సొంత పట్టా లేకపోయినా చేసే పనికి బదులుగా ఇచ్చిన మాన్యం (ఇనాం భూమి) కొందరికి ఉండేది. వాటి లెక్క తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. దాని రిజిస్టర్లలో పెద్దపెద్ద అగ్రహారాలే కాదు, మంగలి, చాకలి, వడ్రంగి మాన్యాలు కూడా ఎక్కాయి, అనుభవిస్తున్నవాళ్ళ పేర్లతో. పాత ప్రభుత్వ రికార్డులు దాచే ఆర్కైవ్స్‌లో అడిగి చూడొచ్చు. మాన్యం కూడా లేని కూలి కుటుంబాలకి సర్కారు కాగితం మీద ఆధారం చాలా తక్కువ, ఆ మాట దాచను. అక్కడ కులపురాణం చెప్పే ఆశ్రిత కులాలవాళ్ళే దిక్కు: మాదిగలకి డక్కలివాళ్ళు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు, రెడ్లకి పిచ్చుకుంట్లవాళ్ళు. వాళ్ళు పాడేదంతా చరిత్ర కాదు. ఏ ఇంటిపేరువాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారన్న మాట మాత్రం చెవిన వేసుకోవలసిందే.

మీవాళ్ళది నల్గొండ వైపైతే, అది నిజాం పాలనలో ఉన్న ప్రాంతం కాబట్టి అక్కడి దారి వేరు. 1954-55 ఖాస్రా పహాణీతో (ఊరి భూముల, సాగు వివరాల రిజిస్టరు) మొదలుపెట్టండి. అందులో పట్టాదారు పేరు ఒక గడిలో, సాగు చేస్తున్నవాడి పేరు ఇంకో గడిలో ఉంటుంది, కాబట్టి పట్టా లేని తాతలు కూడా కనిపించే అవకాశముంది. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల జాబితాలు వేరే తయారుచేశారు, అవీ అడగండి. అంతకన్నా వెనకటి సేత్వార్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు) ఉర్దూలో ఉంటుంది, చదివేవాళ్ళని ముందే చూసుకుని వెళ్ళండి. ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరం కనిపిస్తే 590 కలుపుకోండి, 1364 ఫసలీ అంటే 1954-55.