పాత రేవును తీర్చిదిద్దితే అక్కడి పని బతుకుతుందా?

పాత రేవును సందర్శకులకూ, సముద్ర సాంకేతికత మీద పనిచేసే కొత్త కంపెనీలకూ అనువుగా మారిస్తే అక్కడి పడవలవాళ్ళు నిలబడతారా, మెల్లగా ఖాళీ చేయాల్సి వస్తుందా అని అడిగారు. నిలబడతారు, ధక్కా (పడవలు ఆనుకునే గట్టు) అంచు వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం.

ఇలాంటి ఒక పనిలో సైట్ ఇంజనీరుగా మూడేళ్ళున్నాను. మొదటి ఏడాదంతా నీటి కిందే పోయింది. ధక్కాను మోయడానికి నీటి అడుగున దిగ్గొట్టిన చెక్క దుంగల్ని, అంటే పైల్స్‌ని, పైకి దిట్టంగా ఉన్నా డైవర్లు సుత్తితో కొట్టి చూస్తే కొన్ని డొల్ల. బురదలో పూడుకున్న భాగానికి గాలి తగలదు కాబట్టి అది ఏళ్ళ తరబడి ఉంటుంది. పోటుకు మునిగి పాటుకు తేలే భాగమే కుళ్ళుతుంది. దానికి తోడు చెక్కను తొలిచే టెరిడో. పురుగంటారు గానీ నిజానికి అది ఆల్చిప్పల జాతి. అడుగు మట్టి పరీక్ష చేయిస్తే పాత ఓడల రంగుల్లోంచి రాలిన రాగి, టిన్ను బయటపడ్డాయి. ఓడ అడుక్కి నాచు, గుల్లలు పట్టకుండా పూసే ట్రైబ్యుటైల్ టిన్ రంగులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకొచ్చింది, కానీ అంతకుముందు మట్టిలో చేరింది ఎక్కడికి పోతుంది? దాన్ని తవ్వి ఎక్కడ పడితే అక్కడ పోయడానికి లేదు. బడ్జెట్‌లో పెద్ద ముక్క ఇలా కంటికి కనబడని పనికే పోతుంది.

ఇక మా తప్పు. వలలు బాగుచేసే షెడ్డు ముందు నునుపైన రాతి పలకలు పరిచాం. డ్రాయింగులో బ్రహ్మాండంగా ఉంది. తడి వలలు ఈడ్చిన మొదటి రోజే ఇద్దరు జారిపడ్డారు. ఐసు పెట్టెలతో ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేసరికి నెల్లాళ్ళలో పలకలు పగిలాయి. "ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా ఇంజనీరుగారూ," అన్నాడు ముసలి కలాసీ ఒకాయన. నిజమే, అడగలేదు. పలకలు పీకేసి గరుకు కాంక్రీటు పోశాం. జనం ఇప్పుడు ఆగి చూసేది అక్కడి వలల పనినే. అంత ఖర్చు పెట్టిన ఫౌంటెన్ దగ్గర ఎవరూ ఆగరు.

కేప్‌టౌన్‌లో షాపులు, హోటళ్ళ మధ్యే నీళ్ళు తోడేసి ఓడలు బాగుచేసే 1882 నాటి రాబిన్సన్ డ్రై డాక్ ఉంది. రోటర్‌డామ్‌లో 1902లో పుట్టిన ఆర్‌డీఎమ్ షిప్‌యార్డు పాత యంత్రశాలలో ఇప్పుడు విద్యార్థులూ కొత్త కంపెనీలూ ఒకే కప్పు కింద ఉంటారు. నీటి అడుగున తిరిగే రోబో చేసేవాడికి అద్దాల ఆఫీసు దేనికి? దాన్ని నీళ్ళలోకి దించే క్రేను కావాలి, విరిగితే అతికే వెల్డరు పక్క షెడ్డులో ఉండాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ధక్కాని ఆనుకుని అపార్టుమెంట్లు రానివ్వకండి. పడవలు చూసి మురిసి ఫ్లాటు కొన్నవాళ్ళే ఆర్నెల్లకి తెల్లారగట్ల తాళ్ళు లాగే వించ్ చప్పుడు మీద, డీజిల్ వాసన మీద ఫిర్యాదు పెడతారు. మా దగ్గర పెట్టారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ ఓటర్లు ఈ బెడద చూసే 1987లో ఒడ్డున సముద్రంతో సంబంధం లేని కట్టడాలను ఐదేళ్ళు ఆపేశారు.

లీజు కాగితాల్లో పడవలు కట్టే బెర్తులు, క్రేను, ఐసు ప్లాంటు పేరుపేరునా రాయించండి. ప్లాను చేతికొచ్చాక, పెద్ద లారీ మలుపు తిరిగే చోటు గీశారో లేదో చూడండి. మాదాంట్లో గీయలేదు.