తాతయ్య కెమెరాకి ఏ రోల్, కొత్తగా కొన్నదానికి ఏ రోల్?

అమ్మా, మీ బాబు ఇంటర్ సెకండియర్, ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, చేస్తానంటున్నాడు, ఇంట్లో తాతయ్యది కొడాక్ కేబీ10 ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ ఎఫ్ఎం10 కొన్నారు, వీటికి ఏ ఫిల్మ్ కొనాలి, అసలు ఈ ఖర్చు చదువుకి పనికొస్తుందా అని అడిగారు కదా. పనికొస్తుందమ్మా, కాకపోతే కెమెరాని చూసి రోల్ కొనాలి.

కేబీ10లో అపెర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్నం సైజు), షట్టర్ స్పీడ్ (అది ఎంతసేపు తెరుచుకుంటుందన్నది) ఏదీ మనం మార్చలేం, వెలుతురు తగ్గితే సర్దుకోవాల్సింది ఫిల్మే. అందుకని 400 ఐఎస్ఓ (ఈ అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు) కలర్ నెగెటివ్, అంటే ప్రింట్లు వేయించుకునే మామూలు కలర్ రోల్, వెయ్యండి, కొడాక్ అల్ట్రామ్యాక్స్ లాంటిది. ఎండలో వెలుతురు కొంచెం ఎక్కువైనా నెగెటివ్ తట్టుకుంటుంది, తక్కువైతేనే నీడలన్నీ మసకగా, గరుగ్గా వస్తాయి. స్లైడ్ ఫిల్మ్ (ఫిల్మ్ మీదే అసలు రంగుల్లో బొమ్మ వచ్చే రకం) వెలుతురు తేడాని అంతగా తట్టుకోదు, ఇందులో వద్దే వద్దు.

బాబు నేర్చుకునేది మాత్రం ఎఫ్ఎం10తోనే, దాంట్లో అన్నీ చేత్తో తిప్పుకోవాలి. దానికి ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, బ్లాక్ అండ్ వైట్, 400, ఆరు నెలలు అదొక్కటే వాడమనండి, రోల్‌కో రకం మారుస్తూ పోతే తప్పు ఫిల్మ్‌దో తనదో ఎప్పటికీ తేలదు. పైగా ఇది ఇంట్లోనే కడుక్కోవచ్చు, వెలుతురు చొరబడని ట్యాంకు, బొమ్మ తేల్చే డెవలపర్, దాన్ని నిలిపే ఫిక్సర్ చాలు, కాకపోతే చార్టుల్లో కడిగే టైమ్ మామూలుగా 20 డిగ్రీలకి రాసుంటుంది, మన ఎండాకాలం కుళాయి నీళ్లు ఎక్కడ, 20 ఎక్కడ, ఐసు ముక్కలున్న బకెట్‌లో సీసాలు పెట్టి థర్మామీటర్‌తో చూసుకోవాల్సిందే.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో సినిమా ఫిల్మ్‌ని చిన్న డబ్బాల్లోకి చుట్టి అమ్ముతుంటారు, చూస్తే చవగ్గా ఉంటుంది, కానీ దానికి కడిగే పద్ధతే వేరు, వెనక నల్లపూత ఉన్న రకమైతే మామూలు కలర్ ల్యాబ్‌లో తీసుకోరు, మెషీన్ పాడవుతుంది. ఇప్పుడే దాని జోలికి వెళ్లొద్దు.

చదువు సంగతికొస్తే, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ ఉంది, ఇంటర్ అయ్యాక ఎంట్రెన్స్ రాయాలి. ఫిల్మ్ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు, పెళ్లిళ్ల దగ్గర్నుంచి అంతా డిజిటలే, కానీ రోల్‌లో 36 ఫ్రేములే (ఫొటోలే) ఉన్నప్పుడు వెలుతురు అంచనా వేసే కన్ను వస్తుంది చూడండి, అది ఏ కెమెరాతోనైనా పనికొస్తుంది. ప్రతి ఫ్రేముకి అపెర్చర్, షట్టర్ స్పీడ్, ఫొటో తీసిన టైమ్ నోట్‌బుక్‌లో రాయించండి. రోల్ లోడ్ చేశాక లివర్ లాగినప్పుడు ఎడమ పక్క రివైండ్ నాబ్ తిరుగుతోందో లేదో కూడా చూడమనండి, తిరక్కపోతే ఫిల్మ్ పట్టుకోలేదన్నమాట, మొదటి రోల్ చాలామందికి అక్కడే పోతుంది.