అమెరికాలో డెమొక్రాట్లు, రిపబ్లికన్లు అనే రెండు పెద్ద పార్టీలు కాక మూడో పార్టీ తరఫున గెలిచిన రాష్ట్ర శాసనసభ్యుడు ఎంతకాలం నిలబడగలడు?

చాలామంది ఒకటి రెండు దఫాలకే ఆగిపోతారు. మెయిన్ రాష్ట్రంలో గ్రీన్ పార్టీ నేత జాన్ ఈడర్‌నే తీసుకోండి. 2002లో పోర్ట్‌లాండ్ నుంచి 151 మంది ఉండే ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. అభ్యర్థుల ప్రచార ఖర్చుకు ప్రభుత్వ నిధులిచ్చే చట్టం అక్కడ ఉంది. పెద్ద పార్టీ అండలేని వాళ్లకు అది నిజంగా ఊపిరి. తర్వాత నియోజకవర్గాల హద్దులు మారాయి. అయినా 2004లో సిట్టింగ్ డెమొక్రాట్‌ను ఓడించి మళ్లీ సభకు వచ్చారు. నా దృష్టిలో మొదటి గెలుపు కన్నా ఇదే గొప్పది. 2006లో డెమొక్రాట్ చేతిలో ఓడిపోయారు. సభలో సొంత పార్టీ వాళ్లెవరూ లేకపోతే, చిన్న బిల్లుకైనా డెమొక్రాట్లనో రిపబ్లికన్లనో ఒప్పించక తప్పదు. దగ్గర్లోనే ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో ప్రోగ్రెసివ్ పార్టీ మాత్రం దశాబ్దాలుగా సభలో ఉంటోంది, బర్లింగ్టన్ నగరంలో పునాది గట్టిగా వేసుకుంది కాబట్టి.