నాయన కంప్యూటర్‌ను హాస్టల్ నుంచి నడపాలంటే

అల్లుడూ,

తాడిపత్రిలో మీ నాయన బండల ఫ్యాక్టరీ కంప్యూటర్‌ను అనంతపురం హాస్టల్లో కూర్చోని నడిపే ప్రోగ్రాం సొంతంగా రాస్తాండావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రెడీమేడ్‌వి ఉన్నాయి కదరా అని నేను అననులే, నేనూ ఒకప్పుడు రాసినోన్నే, దాంతో తిట్లు తిన్నోన్నే.

స్క్రీన్ ఫొటో తీసి పంపేదే కదా అనుకుంటాండావేమో, ఒకసారి లెక్కేసి చూడు. 1920 ఇంటూ 1080, పిక్సెల్‌కు 4 బైట్లు, ఒక్క ఫ్రేముకే, అంటే ఒక్క స్క్రీన్ ఫొటోకే, 82,94,400 బైట్లు. 100 మెగాబిట్ల లైన్ ఫుల్లుగా వచ్చినా (వస్తే కదా) ఆ ఒక్క ఫ్రేము పోయేకే సెకనులో మూడింట రెండొంతులు పడుతుంది. ఇంట్లో ఒక బండ పగిలితే మీ నాయన ఆ బండే మార్పిస్తాడు గానీ ఇల్లంతా తవ్వించడు కదా, అంతే ఇది కూడా. స్క్రీన్‌ను 64 బై 64 బండలుగా కొయ్యి, అడ్డం 30, నిలువు 17, మొత్తం 510, ముందు ఫ్రేముతో పోల్చి మారిన బండలే కంప్రెస్ చేసి పంపు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఒక అంకె కొడితే మారేది ఒకటో రెండో బండలు. ఆఖరు వరుస మటుకు 64 రాదు, 56 పిక్సెళ్ళే, నాది మొదటిరోజు క్రాష్ అయింది ఆడే. ఇంకోటి, లెక్కల స్క్రీన్‌కు జేపెగ్ వద్దు, అంకెలు మసకై 3 ఏదో 8 ఏదో తెలీదు, ఏదీ పోకుండా కుదించే జీలిబ్ లైబ్రరీ చాలు.

ఫ్రేములు నువ్వు తోస్తా పోవద్దు. లైన్ స్లో అయిందంటే పాత ఫ్రేములన్నీ క్యూలో నిలబడి, నువ్వు చూసేది పది సెకన్ల కిందటి స్క్రీన్ అయితాది, దాన్ని నమ్మి క్లిక్ చేస్తే ఇంగ అంతే. చూసేవాడు అడిగితేనే సర్వర్, అంటే మీ నాయన కంప్యూటర్లో నడిచే భాగం, పంపాల. కేంబ్రిడ్జిలో ఓలివెట్టి ల్యాబ్ వాళ్ళు చేసిన వీఎన్‌సీ అనే దూరం నుంచి స్క్రీన్ నడిపే ప్రోగ్రాం పద్ధతి ఇదే, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6143 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంగా వచ్చింది, పెద్దదేం కాదు, కూర్చోని చదువు.

ఇంటర్నెట్లో డేటా పంపే టీసీపీ పద్ధతిలో నువ్వు పంపిన ముక్క అదే ముక్కగా రాదు, సగం సగం వస్తాది, ప్రతి మెసేజీ ముందర దాని సైజు 4 బైట్లలో పెట్టు.

ఇప్పుడు నా తిట్ల కథ. తెలిసినోళ్ళ షాపు కంప్యూటర్‌కు నా ప్రోగ్రాం పెట్టినా. ఒకరోజు పని మధ్యలో నా కంప్యూటర్లో ఆల్ట్ ట్యాబ్ కొట్టి వేరే విండోకు పోయినా. ఆల్ట్ నొక్కిన సంగతి అటుపక్కకు పోయింది, వదిలిన సంగతి పోలా. ఆడ వాళ్ళ గుమస్తా పాపం ఏదో పేరు టైపు చేద్దామని డి కొడితే, ఆల్ట్ నొక్కే ఉన్నట్టు లెక్కేసి ట్యాలీ ఏమో ఓచర్ డిలీట్ చేయాలా అని అడుగుతాంది! కీబోర్డు పాడైందని కొత్తది కొనుక్కొచ్చినారు, దానికీ అదే. నా ఫోన్ ఆగితే ఒట్టు. కాబట్టి ఏ కీలు నొక్కి ఉన్నాయో సర్వర్ గుర్తుపెట్టుకోవాల, లైన్ తెగినా, నీ విండో వెనక్కి పోయినా అన్నీ వదిలేయాల. వేరే ఫీచర్లన్నీ దీని తర్వాతే.

రౌటర్లో పోర్టు మటుకు తెరవొద్దు. వీఎన్‌సీ వాడే 5900 పోర్టు తెరిచిపెడితే ఊరూ పేరూ తెలీనోళ్ళంతా తలుపు తడతారు, పాత వీఎన్‌సీ పాస్‌వర్డ్ అయితే 8 అక్షరాలే చూస్తాది మళ్ళీ. రెండు కంప్యూటర్ల మధ్య రహస్య దారి వేసే వైర్‌గార్డ్ పెట్టుకో, రెండుపక్కలా ఇంటర్నెట్ వాళ్ళు బయటినుంచి చేరగలిగే పబ్లిక్ ఐపీ అడ్రస్ ఇవ్వకపోతే మధ్యలో చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకో. నువ్వు చూస్తాండేటప్పుడు మీ నాయన స్క్రీన్ మీద ఎర్ర పట్టీ కనపడాల, దాని మీద ఆపు అనే బటన్ ఉండాల, కొడుకైనా సరే.

ఇంగ విండోస్ పర్మిషన్ అడిగినప్పుడు నీకు స్క్రీన్ రాదు, అది వేరే డెస్క్‌టాప్, మామూలు ప్రోగ్రాంకు అందదు. కోడ్ తప్పని రాత్రంతా వెతకొద్దు, ఫోన్ చేసి Yes బటన్ మీ నాయన్నే నొక్కమను.

ఇట్లు
మీ మామ