కిరకిరలాడే ముఖమే శుభ్రమైన ముఖమా?

ప్రశ్న: నా వయసు 26. ముఖం ఎప్పుడూ జిడ్డుగా ఉంటుంది. అందుకని రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో కడుగుతాను, వారంలో మూడు రోజులు స్క్రబ్ వాడతాను. కడిగిన వెంటనే చర్మం బిగుసుకుపోయి చురచురమంటుంది. రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ జిడ్డు. ముక్కు పక్కన ఎర్రబడి పొలుసులు లేస్తున్నాయి. ఇంతకంటే బాగా పనిచేసే సబ్బు ఏదైనా చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: కొత్త సబ్బు పేరు చెప్పడం లేదని బాధపడకమ్మా. నువ్వు రాసినవాటిలో సగం మానేస్తే చాలు.

కడిగాక వేలితో రాస్తే ముఖం కిరకిరమనాలని, అప్పుడే శుభ్రమైనట్టని చాలామంది నమ్మకం. ఆ చప్పుడు వచ్చిందంటే మురికితో పాటు చర్మానికి ఉండవలసిన కొవ్వు కూడా కొట్టుకుపోయింది. చర్మం పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో 50వ వంతు, అంతే. అందులో చనిపోయిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వులు వాటి మధ్య సున్నంలా పట్టి ఉంచుతాయి. ఒంట్లోని తేమను బయటికి పోనివ్వనిదీ, బయటి క్రిములను లోపలికి రానివ్వనిదీ ఈ పొరే. దీనికి కాస్త ఆమ్లగుణం కావాలి, అంటే పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 ఉంటుంది, అంటే దానిది క్షారగుణం. ఒకసారి కడిగితే కొన్ని గంటల్లో చర్మం తనంతట తాను సర్దుకుంటుంది. సర్దుకునేలోపే నువ్వు మళ్లీ కడుగుతున్నావు, పైగా స్క్రబ్‌తో రుద్దుతున్నావు. ఆ మంట అందుకే.

జిడ్డు ఎంత ఊరాలో నిర్ణయించేవి ప్రధానంగా హార్మోన్లు. పైన ఎన్నిసార్లు కడిగినా లోపలి గ్రంథి పని మానదు. కాబట్టి ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, సబ్బు కలవని ఫేస్‌వాష్‌తో వేళ్ల కొసలతో మెల్లగా కడుగు. మధ్యలో జిడ్డనిపిస్తే మెత్తని బట్టతో అద్దుకో. బాగా చెమట పట్టిన రోజు ఇంకోసారి కడిగితే తప్పులేదు. కడిగాక ముఖం ఇంకా తడితడిగా ఉండగానే పలుచని మాయిశ్చరైజర్ రాయి. జిడ్డు చర్మానికి అదెందుకని అడుగుతారు చాలామంది. నూనె వేరు, నీరు వేరు. పైన నూనె తేలుతున్నా లోపల నీరు తగ్గి ఉండవచ్చు. డబ్బా మీద ‘నాన్ కొమెడోజెనిక్’ అని ఉన్నది తీసుకుంటే రంధ్రాలు మూసుకుపోయే భయం తక్కువ. స్క్రబ్ పూర్తిగా పక్కన పెట్టు. పైపొర కొత్తగా తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక మూడో రోజే అద్దం ముందు నిలబడి నిరాశపడకు. ముక్కు పక్కన పొలుసులు మాత్రం నెల దాటినా తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించు. అది సెబోరిక్ డెర్మటైటిస్ (చుండ్రులా పొలుసులు లేచే చర్మవ్యాధి) కావచ్చు, దానికి వేరే మందులున్నాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రాత్రయితే కాళ్లు దురద అని గీరుకుంటారు. వేడి వేడి నీళ్లతో చాలాసేపు స్నానం చేస్తేనే హాయిగా ఉందంటారు. ఏం చేయాలి?

జవాబు: వేడి నీళ్లు ఆ కాసేపు హాయినిస్తాయి, తర్వాత దురదను పెంచుతాయి. నాన్నగారి మోకాలి కింద, ఎముక మీది చర్మాన్ని గోటితో మెల్లగా గీసి చూడండి. సుద్దముక్కతో గీసినట్టు తెల్లని గీత నిలిచిందంటే అక్కడ చర్మం ఎండిపోయింది. పిక్కల దగ్గర నూనె గ్రంథులు మామూలుగానే తక్కువ, వయసుతో అవీ మందగిస్తాయి.

గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించమనండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. కాళ్లకు, వీపుకు ఉత్త నీళ్లే. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, మూడు నిమిషాల్లోపు సువాసన లేని చిక్కని క్రీము గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయండి. పాదాలకు రాస్తే మాత్రం వెంటనే మేజోళ్లు వేయండి. క్రీము రాసిన పాదాలతో జారిపడడం ఆ వయసులో దురద కంటే పెద్ద ప్రమాదం.

ఒంటి మీద దద్దుర్లేవీ లేకుండా వారాల తరబడి ఒళ్లంతా దురద ఉంటే ఆలస్యం చేయకండి. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు అవసరమవుతాయి.

ప్రశ్న: రోజంతా ఇంట్లోనే ఉండేదాన్ని. నాకు సన్‌స్క్రీన్ అవసరమా?

జవాబు: కిటికీకి దూరంగా కూర్చుంటే పెద్దగా అవసరం లేదు. పక్కనే కూర్చుంటే కావాలి, ఎందుకంటే కిటికీ అద్దం ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను చాలావరకు ఆపుతుంది గానీ, చర్మంలో లోతుగా దిగే యూవీఏ కిరణాలను అంతగా ఆపదు. ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ కాపాడే శక్తిని చెప్పే అంకె) 30 సరిగ్గా రాస్తే 97 శాతం యూవీబీని అడ్డుకుంటుంది, 50 అయితే 98 శాతం. తేడా ఒక్క శాతమే కదా. అందుకే అంకె కంటే రాసే మోతాదు చూసుకోండి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది అందులో సగం కూడా రాయరు. మంగు మచ్చలున్నవారు రంగు కలిసిన సన్‌స్క్రీన్ ఎంచుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు నుంచి కూడా కాపాడుతుంది.

ప్రశ్న: స్నేహితురాలు ఇచ్చిన క్రీము రాస్తే వారంలోనే ముఖం తెల్లబడింది. ఇప్పుడు ఒక రాత్రి మానేసినా ఎర్రబడి మండుతోంది, మొటిమలు వస్తున్నాయి.

జవాబు: మీ ఉత్తరం చదివి దిగులేసింది. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లేవైనా ఉన్నాయేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. వైద్యులు తగిన జబ్బుకు, కొద్ది రోజులకు రాస్తే మంచి మందులే. రంగు కోసం ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రని సన్న రక్తనాళాలు బయటపడతాయి, రోమాలు పెరుగుతాయి. మానగానే ఇలా తిరగబడుతుంది. ఆ మంటకు భయపడి సొంతంగా మళ్లీ అదే రాస్తూ పోకండి. ఈ వారంలోనే చర్మ వైద్యులను కలవండి, ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లండి. మందు పేరు, దాని శాతం, ఎన్నాళ్లు వాడారన్నది తెలిస్తే ఒక్కసారిగా ఆపాలో, మెల్లగా తగ్గించాలో వారు నిర్ణయిస్తారు.