డి విటమిన్ తక్కువైతే క్యాన్సర్ వస్తుందా అంటే, మా నాన్నగారి సంగతి వినండి

మీ అమ్మగారికి డి విటమిన్ బాగా తక్కువగా, 11 వచ్చింది, దాంతో క్యాన్సర్ వస్తుందా, మాత్రలతో ఆపొచ్చా అని కదా అడిగారు. నేను డాక్టర్ని కాదండి, రాజోలు దగ్గర కొబ్బరితోట చూసుకునేవాణ్ణి. కాకపోతే ఇదే టెన్షన్ మా ఇంట్లోనూ పడ్డాం.

డి తక్కువున్నవాళ్ళలో కొన్ని క్యాన్సర్లు ఎక్కువగా కనబడ్డ మాట నిజమే. అయితే అమెరికాలో పాతికవేల మందికి పైగా తీసుకుని, సగం మందికి రోజూ 2000 యూనిట్ల డి, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్ళు ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది, క్యాన్సర్లు తగ్గలేదు. ఫిన్లాండ్‌లో అయితే పొగతాగే మగవాళ్ళకి బీటా కెరోటిన్ (క్యారెట్లో ఉండే, ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం) మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇంకా పెరిగింది, అది 1994 నాటి మాట. ఎముకల కోసం డాక్టరు రాస్తే డి వాడించండి, అంతే.

ఇక మా నాన్నగారు. 61వ ఏట నీరసం మొదలైంది, చెరువుగట్టు మీద నాలుగడుగులు వేసి కూలబడిపోయేవారు. రక్తంలో హిమోగ్లోబిన్ 7.8, బాగా తక్కువ. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఐరన్ మాత్రలు, టానిక్ ఇచ్చారు. చుట్టాలొచ్చి ఒకరు బీట్‌రూట్, ఒకరు ఖర్జూరం, మా మేనత్తయితే తోటకూర కట్టలు మోసుకొచ్చేది, పైగా తిండి సరిగ్గా పెట్టకే ఇలా అయ్యాడని అమ్మని అంది, ఆ మాట నాకిప్పటికీ మంటే. మధ్యలో విరేచనం నల్లగా అవుతోందన్నారు. ఐరన్ మాత్రకి అలాగే అవుతుందన్నారు అందరూ. అది నిజమేనండి, ఆ నిజమే మా కొంప ముంచింది.

ఏడు నెలల తర్వాత కాకినాడలో ఓ డాక్టరుగారు రిపోర్టు చూసి అడిగిన మొదటి మాట, "ఈ వయసు మగమనిషికి ఐరన్ ఎటు పోతోందయ్యా?" కొలనోస్కోపీ, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష చేస్తే పెద్దపేగు మొదట్లో, కుడివైపు క్యాన్సర్ గడ్డ, రోజూ కాస్త కాస్త రక్తం కారుతోంది. లోపం వల్ల జబ్బొస్తుందేమోనని మేం తోటకూర వండుతుంటే, జబ్బే ఆ లోపాన్ని తెచ్చిపెట్టింది.

ఎండు మెత్తళ్ళు తినే వచ్చిందన్నారు కొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు తప్పుపట్టింది చైనావాళ్ళ ఉప్పుచేపని, అదీ ముక్కు వెనక గొంతు క్యాన్సర్‌కి. పెద్దపేగుకి చెడ్డవంటే మద్యం, సాసేజీల్లాంటి నిల్వ మాంసం, పీచు లేని తిండి. నాన్నగారు సాసేజీ మొహం చూసినవారు కాదు గానీ, మూడుపూటలా తెల్లన్నం, కూర వేలికి అంటినంత, సాయంత్రం అయ్యేసరికి ఓ క్వార్టరు. అదే తెచ్చిందని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. ఆపరేషన్ అయి నాలుగేళ్ళు, ఇప్పుడు తోటలో నామీద కేకలేస్తున్నారు.

బి12 విటమిన్ తక్కువైనా ఇంతే, కొందరిలో పొట్టలోపలి పొర పాడవడం వల్ల తగ్గుతుంది, అలాంటివాళ్ళకి పొట్ట క్యాన్సర్ ముప్పు కొంచెం ఎక్కువ. అందుకే ఎందుకు తగ్గిందో అడగాలి.

మీరు డి ఎంతో రాశారు గానీ అమ్మగారి హిమోగ్లోబిన్ రాయలేదు. ముందు అది చూడండి, రిపోర్టులో పై వరసల్లోనే ఉంటుంది.