యాంజియోగ్రామ్, బైపాస్ ఎలా మొదలయ్యాయి? మా నాన్న కేసు చూశాక తెలుసుకున్నది

యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో బ్లాక్, అంటే అడ్డు ఎక్కడుందో చూసే పరీక్ష) చేస్తుండగానే గుండె ఆగిపోతుందంట కదా, అసలు దీన్ని ఎవరు కనిపెట్టారు, మా నాన్నకు చేయించాలా వద్దా అని మీలో ఒకరు అడిగారు. మూడేళ్ల కిందట నేనూ ఇదే టెన్షన్‌తో తిరిగాను.

మాది చంద్రగిరి. నాన్న ఏటా రెండు మూడుసార్లు శ్రీవారి మెట్టు ఎక్కి కొండకు పోయేవాడు. ఆసారి సగం దారిలో ఛాతీ పట్టేస్తే, గ్యాస్ అనుకుని ఈనో తాగి, కాసేపు కూర్చుని మిగతా మెట్లు కూడా ఎక్కేశాడు! వారం తిరక్కుండా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో యాంజియోగ్రామ్. మణికట్టు నుంచి సన్నటి గొట్టం పంపించారు. మధ్యలో డాక్టరు "పెద్దాయనా దగ్గు, గట్టిగా దగ్గు" అన్నారంట. బయటికొచ్చాక నాన్న మొదట అడిగింది అదే, ఎందుకురా దగ్గమన్నారు అని.

దాని వెనక పెద్ద కథే ఉంది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు 26 ఏళ్ల కుర్రాడికి గుండె కవాటం పరీక్ష చేస్తున్నాడు. గొట్టం జారి గుండెకు రక్తం ఇచ్చే కుడి ధమనిలోకి పోయింది, బయటికి లాగేలోపే 30 సీసీల డై (ఎక్స్‌రేలో కనబడడానికి పంపే మందు) అందులో పడిపోయింది. అక్కడ నేరుగా డై పడితే మనిషి బతకడని అప్పటి నమ్మకం. నిజంగానే గుండె కొన్ని క్షణాలు ఆగింది. సోన్స్ దగ్గమని అరిచాడు, ఆ కుర్రాడు మూడు నాలుగుసార్లు దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. అంత డైకి తట్టుకున్నాడంటే కొంచెం కొంచెంగా ఇస్తే రక్తనాళాలన్నీ చూడొచ్చు కదా అని ఆయనకు తట్టింది. మీరు విన్న భయానికి మూలం ఇలాంటిదే అయి ఉంటుంది, కానీ మనకు ఈ పరీక్ష దక్కింది కూడా దానివల్లే.

బ్లాక్ ఎక్కడుందో కనబడితేనే కదా బాగుచేసేది. అర్జెంటీనాలో ఒక పల్లెలో పన్నెండేళ్లు వైద్యం చేసిన రెనే ఫావలోరో 1962లో అదే ఆసుపత్రికి వచ్చి, సాయంత్రాలు సోన్స్ తీసిన ఫిల్ములు ముందేసుకుని కూర్చునేవాడు. 1967 మేలో కాలి సిర తీసి గుండెకు వేశాడు. మొదటి కేసులో మూసుకుపోయిన ముక్క తీసేసి ఆ చోట సిరను కలిపాడు, అడ్డును దాటేలా సిరతో పక్కదారి వేయడం, అంటే బైపాస్, ఆ తర్వాత. అంతకుముందు వేరేచోట్ల ఒకరిద్దరు ప్రయత్నించారు గానీ, వరసగా చేసి దాన్ని నిలబెట్టింది ఆయనే.

కాబట్టి డాక్టరు రాసిచ్చాక యాంజియోగ్రామ్ వాయిదా వేయకండి.

మా నాన్నకు చివరికి బైపాసే పడింది. ఛాతీ గాయం కంటే కాలి కోతే ఎక్కువ సతాయించింది, సాయంత్రానికి పాదం వాచిపోయేది, దిండు మీద కాలు పెట్టించేవాళ్లం. ఇంకో దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని రోజుకు చాలాసార్లు దగ్గమన్నారు, ఊపిరితిత్తుల్లో కఫం నిలవకూడదని. నొప్పికి భయపడి నాన్న దగ్గేవాడు కాదు. పక్కన కూర్చుని మేమే దగ్గించాలి, మీరూ అందుకు సిద్ధంగా ఉండండి.